తాళం మాట

"మళ్ల తప్పే," అన్నాడు గోపాల్.

తెర మీద పచ్చటి అక్షరాలు మళ్లీ తాళం మాట అడుగుతున్నాయి. చూపుడువేలికి గుడ్డ కట్టి ఉండడంతో అతను మధ్యవేలితో కొడుతున్నాడు.

"వేలుకేమైంది సార్?" అన్నారు ఫాదర్ ఇన్నయ్య.

"పొద్దుగాల పొయ్యికాడ కాలింది ఫాదర్."

మట్టెవాడ మిషన్ బడి అది, గోపాల్ అక్కడి టీచరే. మిషన్ బళ్ల బాగోగులు చూసే ఫాదర్ ఈ జిల్లాకు కొత్త. ఒకప్పుడు ఇక్కడి మిషన్ బళ్లన్నింటికీ కలిపి సినిమా ప్రొజెక్టర్ ఒక్కటే ఉండేది. జీపులో ఊరూరా తిరిగేది. ఇప్పుడు, ఎనభై ఏడులో, మట్టెవాడకొకటి, డోర్నకల్‌కొకటి కంప్యూటర్లు వచ్చాయి. ఒకచోట తయారైన పాఠం ఫ్లాపీలో రైలెక్కి రెండోచోటికి పోతుంది. ఆ పాఠాలు తయారుచేసేది కళావతి టీచర్. పిల్లలు చెరిపేయకుండా నిన్న సాయంత్రం వాటికి తాళం మాట పెట్టి, ఇవాళ పొద్దున్నే డోర్నకల్ బడికి వెళ్లింది.

"ప్రొజెక్టర్‌కైతె స్విచ్ ఏస్తే అయిపోతుండె," ఫాదర్ గడియారం చూసుకున్నారు. "పాఠం కనబడితే మిగతా బళ్లకు గూడ కంప్యూటర్లు ఇప్పిస్త. లేకుంటే ఈ రెండు గూడ వాపసే. నాకు రైలు టైమైతాంది."

హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ డోర్నకల్‌కు ట్రంక్ కాల్ కలిపించి, రిసీవర్ గోపాల్ చేతికిచ్చింది.

"మేడం, తాళం మాట ఏంది?"

"ఫోన్ల చెప్పరాదు సార్," అంది కళావతి.

"ఫాదర్ కూసున్నరు. జర చెప్పున్రి."

"ఈడ టీచర్లంత చుట్టు నిలబడ్డరు."

"అయితె ఒక్కొక్క అక్షరం చెప్పున్రి."

"అట్ల చెప్పినా చెప్పినట్టే గద."

గోపాల్ నెత్తి గోక్కున్నాడు. "ఎన్నక్షరాలు?"

"ఇంగ్లీషుల అయిదు."

"ఊరా, మనిషా?"

"మనిషే."

"సెయింటా?"

అవతల నవ్వు వినిపించింది. "సెయింట్ అయితె కాదు సార్."

రిసీవర్‌ను భుజానికి అదిమిపట్టి డేవిడ్ అని కొట్టాడు, మోజెస్ అని కొట్టాడు. తెర కదల్లేదు.

"ఆ టీచరుకు పెండ్లయిందా?" ఫాదర్ సిస్టర్‌ని అడిగారు.

"మొన్న ఎండాకాలమే ఫాదర్."

"అయితె ఆమె పెనిమిటికి తెలిసుంటది. ఆయన్ను అడుగున్రి."

సిస్టర్ నవ్వు దాచుకుంటూ కిటికీ వైపు తిరిగింది. గోపాలే జవాబిచ్చాడు. "ఆయనకు గూడ చెప్పలే ఫాదర్."

ఫాదర్ లేచి సంచీ భుజాన వేసుకున్నారు. సిస్టర్ గబగబా వచ్చి రిసీవర్ అందుకుంది.

"కళావతీ, ఫాదర్ పోతున్నరు. నాకన్న చెప్పు బిడ్డా."

కాసేపు విని, రిసీవర్ కిందికి దించింది.

"ఏమంటాంది?" అన్నారు ఫాదర్ గుమ్మం దగ్గర ఆగి.

"రాయమంటే రాస్తదట. నోటితోని రాదట."

గోపాల్ చెయ్యి గాల్లోనే ఆగింది. ఒక్క క్షణం తెరకేసి చూశాడు. తర్వాత తల వంచుకుని, మధ్యవేలితో నెమ్మదిగా అయిదు అక్షరాలు కొట్టాడు.

తెర మీద గుండెకాయ బొమ్మ గీత తర్వాత గీతగా గీసుకుంటూ వచ్చింది. దాని కింద, ఎనిమిదో తరగతి పాఠం.

ఫాదర్ సంచీ దించి కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. పాఠం చివరిదాకా చూశారు.

"మంచిగున్నది. అన్ని బళ్లకు ఇప్పిస్త," అన్నారు. "ఇంతకు ఆ మాట ఏందయ్యా?"

"చెప్పరాదు ఫాదర్."

అతను కొట్టింది తన పేరే.