ఇంటిమనిషి కణాలు

ఆ రోజు పొద్దున్నే ఆకాశం మబ్బేసి, కురవకుండా, విడవకుండా రాత్రి దాకా అలాగే ఉండిపోయింది.

జన్యుశాస్త్ర ప్రొఫెసర్ ల్యాబులో ఒక్కడే ఉన్నాడు. రేపే రిటైర్మెంటు. పెళ్లయిన కొత్తలో భార్య ఎడమచేతి నుంచి గోరంత చర్మం తీసి పెంచిన కణాల మీదే అతని డాక్టరేటు, కుర్చీ, పేరు అన్నీ నిలబడ్డాయి. ప్రతి వ్యాసంలోనూ "స్త్రీ కణాలు" అనే రాశాడు. అందరి కణాలూ పరీక్షించినవాడు, ఇంటిమనిషివి కదా అని వీటిని మాత్రం ఒక్కసారీ సరిచూడలేదు. వెళ్లేముందు ముచ్చటపడి ఈ రాత్రి క్రోమోజోములు లెక్కపెట్టాడు.

ఒక మూల పొట్టిగా వై క్రోమోజోము కనిపించింది. అంటే ఈ కణాలు మగవాడివి.

మధ్యలో వేరే కణాలు కలిశాయేమోనని మొదటి ఏడాది స్లైడు తీశాడు. అందులోనూ ఉంది. వెనక కణాలు పెంచే ఇంక్యుబేటరు మోత ఆగింది. ఇంతసేపూ మోగిందని ఆగాకే తెలిసింది.

పరుగులాంటి నడకతో ఇంటికొచ్చాడు.

"ఏంటండీ ఆ మొహం? రేపట్నుంచి నన్ను భరించాలనా?" అంది భార్య.

"ఎడమచెయ్యి చూపించు."

"నా తోలు ఒలిచి పెద్దమనిషయ్యారుగా, ఇంకా చాల్లేదా?" అంటూ నవ్వుతూ చెయ్యి చాపింది.

చర్మం తీసిన చోట మచ్చ లేదు. ఆవిడ నవ్వు ఆగిపోయింది. కుడిచెయ్యి కూడా తిప్పి చూసుకుంది. అదీ నున్నగానే ఉంది.

"ఆవేళ చర్మం తీసేప్పుడు నా ముందు కూర్చుంది నువ్వే కదా?" అన్నాడు.

"నొప్పి నాకు బాగా గుర్తుందండీ" అంది మెల్లగా.

తర్వాత ఆవిడ రెండు కంచాల్లో అన్నం పెట్టింది. ఎదురెదురుగా కూర్చుని, ఒకరి చేతులు ఒకరు చూసుకుంటూ చివరి మెతుకు దాకా తిన్నారు.