ముద్దకి ముందు మాట

"మా తమ్ముణ్ణి క్షమించేశాం ప్రభువా" అని ప్రార్థన ముగించి, నూకయ్య తన భార్య అప్పాయమ్మ ఆమేన్ అనడం కోసం ఆగాడు. ఆ మాట వినపడితేగాని ఆ ఇంట్లో ఎవరూ ముద్ద ఎత్తరు.

అప్పాయమ్మ పెదవి విప్పలేదు.

ఖాళీ అరిటాకు ముందు తమ్ముడు పోలయ్య తల వంచుకుని కూర్చున్నాడు. అన్న మతం మారాడన్న కోపంతో పడవ తాడు కోసి, వరద గోదావరిలోకి వదిలేసింది అతనే. పడవ పోయాకే నూకయ్య ఆనకట్ట కాడ మట్టి మోయడానికి వెళ్లాడు.

"అనవే. అన్నం చల్లారిపోతంది."

"ఆ మాటకి అర్థం ఏంటన్నయ్యా?" అన్నాడు పోలయ్య.

"హెబ్రీ మాటంటరా. పాదిరి దొరగారు చెప్పేరు. మనం ఆయ్ అంటాం చూడు, అలాంటిదే. నువ్వన్నది నిజం, అలాగే కానీ అని."

"అయితే అనకండొదినా. అది నిజం కాదు కదండీ."

క్షమించేశామన్నప్పుడు కూడా తన పిడికిలి బిగుసుకునే ఉందని నూకయ్య ఇప్పుడు చూసుకున్నాడు. మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

"ప్రభువా, మేమింకా క్షమించలేదు."

"ఆమేన్" అంది అప్పాయమ్మ వెంటనే. అని, పోలయ్య ఆకులో అన్నం వడ్డించింది.