ఫారంలో ఒంటరి తల్లి

పాప బడి ఫారంలో "బిడ్డను చూసుకునేవారు" అన్న గడిలో "ఒంటరి తల్లి" అని రాశాను. ఆ మాట నేను చదువుతున్న ప్రేమ నవలలోది. అందులో నాయిక ఒక్కతే కూతురికి తల దువ్వుతుంది, ఎక్కాలు చెబుతుంది, జ్వరమొస్తే భుజాన వేసుకుని పరుగెడుతుంది. అలాంటివాళ్ళను అలా అంటారు కాబోలనుకున్నాను.

మర్నాడు టీచరమ్మ నన్ను ఓదార్చడానికి ఫోన్ చేస్తే మా ఆయన ఎత్తారు. వెంటనే నన్ను బడికి లాక్కెళ్ళారు.

"నేను నిక్షేపంగా ఉన్నాను మేడమ్! మా ఆవిడ నాలుగో తరగతితో ఆపేసింది, ఏమనుకోకండి."

"ఫరవాలేదు సార్. కొత్త ఫారం మీరే నింపండి."

ఆయన పెన్ను తీశారు. "ఏ తరగతే?" అని నన్నడిగారు.

"మూడండీ."

"పుట్టినరోజు?"

చెప్పాను.

"ఒంటికి పడని మందులట. ఏమైనా ఉన్నాయా?"

అదీ చెప్పాను.

చివరి గడిలో మాత్రం నన్నడక్కుండానే "తల్లిదండ్రులిద్దరూ" అని గుండ్రంగా రాశారు. టీచరమ్మ కిటికీ వైపు తిరిగి దగ్గింది.

"ఇంకోసారి నవల ముట్టుకున్నావో!" అన్నారు దారిలో.

"నాలుగు పేజీలే మిగిలాయండీ."

"సరే, అవి చదివి ఇచ్చెయ్."

ఇంటికొచ్చి చదివాను. కొడుకును ఒక్కడే పెంచుకుంటున్న మెకానిక్‌తో నాయికకు పెళ్ళయిపోయింది. ఇక ఆమె ఒంటరి తల్లి కాదట. బిడ్డ బరువు సగం తగ్గిపోయిందట.

రాసినావిడకు ఇంకా పెళ్ళి కాలేదేమో, పాపం.