అంచు తడిమిన మనిషి

"అంచు వంకర పోతోంది మాస్టరూ," అన్నాడు నల్ల కళ్ళద్దాల ముసలాయన, కత్తిరించిన గుడ్డముక్కను వేళ్ళతో తడిమి.

కటింగ్ మాస్టరుకు ఒళ్ళు మండింది.

ఈ మనిషి అప్పుడప్పుడూ కర్ర నేలకు తాటిస్తూ టైలరింగ్ షాపుకొస్తాడు. కుట్టించుకునేదేమీ లేదు. బల్ల పక్కన కూర్చుని అడక్కుండానే ముక్కలు తడుముతాడు.

అయినా ఆ మాట సూదిలా దిగింది. కొన్నాళ్ళుగా, స్కేలు పెట్టి గీసిన సుద్దగీత కూడా మాస్టరు కుడికంటికి మెలిక తిరిగి కనిపిస్తోంది. ఆ మెలికను సరిచేయబోయి రెండు ప్యాంట్లు పాడుచేశాడు. మూడోది పాడైతే కత్తెర ఇంకొకడి చేతికి పోతుందని ఓనరు నవ్వుతూనే చెప్పాడు.

ఆ కత్తెర, ఓనరు తనను పిలిచి మరీ చేతికిచ్చినది. ఎవరు చెబితే పిలిచాడో మాస్టరు అడగలేదు. కూడు దొరికాక వడ్డించిన చెయ్యి ఎవరిదని ఎవడడుగుతాడు?

"కళ్ళు చూపించుకో. బీపీ కూడా," అన్నాడు ముసలాయన.

"నాకు షుగర్ లేదయ్యా. షుగర్ లేనోడికి కళ్ళెందుకు పోతాయి?"

"నేనూ అలాగే అన్నాను."

"గుడ్డివాడు గీత దిద్దుతానంటే లోకం నవ్వుతుంది. మీ పని మీరు చూసుకోండి."

కుట్టుమిషన్లు ఆగాయి. ముసలాయన ముక్కను మడిచి బల్లమీద పెట్టి, కర్ర వెతుక్కుని లేచాడు. మళ్ళీ రాలేదు.

తలనొప్పికి మాత్రలు మింగడం మాని డాక్టరు దగ్గరికి వెళ్ళమని భార్య పోరింది. పని ఒత్తిడి తగ్గనీ అన్నాడు మాస్టరు.

ఒక పొద్దున లేచేసరికి కుడికంటికి తెర దిగిపోయింది.

కంటి వెనక రక్తనాళం పూడి లోపలంతా రక్తం చిమ్మిందన్నాడు డాక్టరు. ఎన్నాళ్ళుగానో ముదిరిన బీపీ చేసిన పని, దీనికి షుగరే ఉండక్కర్లేదన్నాడు. ఎడమకన్నూ దెబ్బతింటోందన్నాడు.

ఓనరు మాట తప్పే మనిషి కాదు. మాస్టరిప్పుడు షాపులో ఇస్త్రీ చేసే తాత పక్కన కూర్చుని చొక్కాలు మడతపెడుతున్నాడు.

"ఆ కళ్ళద్దాలాయన్ని ఓసారి కలవాలి తాతా. నోరు జారాను."

తాత ఇస్త్రీపెట్టె నిలబెట్టాడు. "ఇంకెక్కడ కలుస్తావు? పోయిన నెల తలలో నరం చిట్లి పోయాడు."

"ఇంతకీ ఎవరాయన?"

"నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. తెలిస్తే, తన పాత చోటు కోసం తిరుగుతున్నాడనుకుంటావట."

కటింగ్ బల్ల దగ్గర, పిడికి పాతగుడ్డ చుట్టిన కత్తెర కొత్తవాడి చేతిలో కరకరలాడుతోంది.

తాత అటే చూస్తూ అన్నాడు: "ఆ గుడ్డ చుట్టింది ఆయనే. ఆయన చూపు పోయాక ఈ కత్తెర ఎవరికివ్వమంటావని ఓనరు అడిగితే, వీధి చివర కాజాలు కుట్టుకుంటున్న నీ పేరు చెప్పిందీ ఆయనే."