మూడు చీలల గడియ

రెబెకా పెరట్లో గిరగిరా తిరిగింది. కళ్లు తిరిగాక తూలుకుంటూ వెళ్లి తలుపు మీద పడింది.

తలుపుకి అటూ ఇటూ పొడుచుకొచ్చిన మూడు చెక్క చీలలు. మొదటిది పైకెత్తి వేలితో ఆపాలి. రెండోది తిప్పాలి. అప్పుడు మూడోది లాగితే లోపలి గడియ జారుతుంది. చెయ్యి వణికిందా, మొదటి చీల కింద పడిపోతుంది. మళ్లీ మొదటికే.

చీల పడిపోయింది. రెబెకా చప్పట్లు కొట్టింది.

“తాగకుండానే తూలుతున్నావేంటే?” పక్కింటి బసవమ్మ గోడ మీంచి నవ్వింది.

“తాగినోడికి ఈ గడియ రాకూడదు పిన్నీ. తాగనోడికి రావాలి. అదీ దీని కిటుకు.”

వడ్రంగం తండ్రి దగ్గర నేర్చుకుంది. తుమ్మచెక్కని చీలలుగా చెక్కింది విరిగిన వేలితోనే. విరిచింది మొగుడు ప్రసన్నకుమార్, మిర్చి యార్డులో హమాలీ.

“తాగితే దెయ్యంగానీ, లేకపోతే మీ ఆయన దేవుడే,” అంది బసవమ్మ.

వీధంతా అదే మాట. రెబెకా కూడా అదే నమ్మింది. నమ్మకపోతే లోపల తాళమే వేసుకునేది కదా, పిచ్చిది!

పొద్దుగూకాక ప్రసన్నకుమార్ తాగొచ్చాడు. చీలలతో కుస్తీ పట్టాడు. తలుపుని తన్నాడు. బస్తాల కొక్కెంతో పొడిచాడు. “నరుకుతానే నిన్ను,” అని అరిచి అరిచి అరుగు మీదే పడిపోయాడు.

చాలా కాలానికి రెబెకా ఒంటి మీద దెబ్బ లేకుండా తెల్లారింది.

రోజూ అదే తంతు. చివరికి విసిగిపోయి అతను తాగుడు మానేశాడు. చీలలు ఎలా తీయాలో రెబెకాయే వేళ్లు పట్టుకుని నేర్పింది.

ఆదివారం చర్చిలో అతను తాగుడు మానేశానని సాక్ష్యం చెప్పాడు. అందరూ “స్తోత్రం” అన్నారు.

సంతోషం పట్టలేక రెబెకా కూడా లేచింది. గడియ సంగతి చెప్పింది. ఆయన అరుగు మీద పడుకున్న సంగతీ చెప్పింది. పాస్టరు గారితో సహా అందరూ పగలబడి నవ్వారు.

ప్రసన్నకుమార్ నవ్వలేదు. ఇల్లు చేరాక రెబెకా తలుపు తీసింది. అతను వాకిట్లో ఆగి, చూరులోంచి కొక్కెం తీశాడు.

“ఏమే, నలుగురిలో నన్ను నవ్వులపాలు చేస్తావా?”

మొదటి దెబ్బకే భుజం చీలింది. రెబెకా లోపలికి పడి, తలుపు మూసి, గడియ వేసింది. తెల్లచీర ఎర్రబడుతోంది.

“నువ్వు తాగలేదు కదయ్యా!”

“తాగలేదు,” అన్నాడు బయటినుంచి. మాట తడబడలేదు.

మొదటి చీల పైకి లేచింది. రెండోది తిరిగింది.

రెబెకా మొదటి చీల వంకే చూస్తోంది, పడుతుందని.

అది పడలేదు.