పటిక రాక్షసుడు

"బొమ్మను ఉడకబెట్టేదేందన్నా? అదేమన్నా శెనక్కాయలా?" అన్నాడు ధనశేఖర్.

సుందరరాజు బల్ల మీద పరిచిన గుడ్డ అంచును వదల్లేదు.

"కలంకారీ అంటే అంతే సారూ. చెట్లకూ వీరుడికీ నలుపు ముందే పడింది. రాక్షసుడికి కావాల్సింది ఎరుపు. వాడికింకా పటిక నీళ్ళు మాత్రమే పెట్టినాను. కాళాస్తికి పోయి, మంజిష్ట వేరు వేసి బానలో ఉడకబెడితే పటిక తగిలిన కాడల్లా ఎరుపు తేలతాది. రేపు సాయంత్రానికి తెచ్చిస్తాను."

"బెంగళూరోళ్ళు మూడు గంటలకు వస్తా ఉండారు. రేపు సాయంత్రం మీ రాక్షసుణ్ణి ఎవురికి సూపించేది?"

తిరుపతిలో ఒక టిఫిన్ సెంటర్ పైఅంతస్తులో ఉంది ధనశేఖర్ వీడియో గేముల కంపెనీ. ఆయనగారి కళాభిరుచి నెలకొకసారి మారుతుంది. మొదటి నెల బొమ్మలన్నీ చిన్న చిన్న గళ్ళు పేర్చినట్టు పిక్సెల్ ఆర్ట్‌లో ఉండాలన్నాడు. రెండో నెల, వీరుడి నుదుటి మీద చెమట చుక్కలు కూడా లెక్కపెట్టుకునేలా త్రీడీ కావాలన్నాడు. ఆ తర్వాత త్రీడీయే గానీ కార్టూన్ లాగా చుట్టూ లావు గీత ఉండాలన్నాడు. నాలుగో నెలలో ఎవరో పుణ్యాత్ముడు చేత్తో వేసిన బొమ్మల గేమొకటి ఫోన్లో చూపించాడు. మర్నాడే శ్రీకాళహస్తి బస్సెక్కి సుందరరాజును వెతికి పట్టుకొచ్చాడు.

సుందరరాజు మారుమాట లేకుండా వచ్చేశాడు. ఇరవై ఏళ్ళుగా చేతిసంచుల మీద నెమళ్ళూ, టేబుల్ గుడ్డల మీద మామిడిపిందెలూ వేసి వేసి ఆయన ప్రాణం విసిగిపోయింది. నిలువెత్తు రాక్షసుణ్ణి గీసి ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. వీడి కోరమీసానికే రెండు రోజులు పట్టింది. బెంగళూరు కంపెనీ ఒప్పుకుందంటే వీణ్ణి లక్షల మంది చూస్తారు. ఆ ఒక్కటి జరిగితే చాలనుకున్నాడు ఆయన.

"ఒక్క దినం ఆగమని చెప్పండి సారూ," అని బతిమాలాడు. "ఇప్పుడు ఫోటో తీస్తే ఉత్త గుడ్డే కనపడతాది."

"ఇంత లావు రాక్షసుడు కనపడకుండా యాడికి పోతాడన్నా? కంప్యూటర్లో వెలుతురు పెంచితే వాడే తేలతాడు."

గుడ్డను లాక్కుని కెమెరా కింద పరిచేశాడు ధనశేఖర్.

ఆ ఆఫీసులో బొమ్మలకు నడక నేర్పే అమ్మాయి కోమలి. సుందరరాజు కాగితం మీద బొగ్గుతో గీసిన చిత్తుబొమ్మను పెట్టుకుని రాక్షసుడి చేత నడవడం, గద తిప్పడం వారం కిందటే నేర్పించేసింది. ఇక వాడికి రంగు అద్దడమే మిగిలింది. కెమెరాలోంచి వచ్చిన రంగు అద్ది చూసి సుందరరాజు వైపు జాలిగా తిరిగింది.

"పెదనాయన చెప్పిందే నిజం సార్. వీడిదీ గుడ్డ రంగే, వెనకదీ గుడ్డ రంగే. నడస్తా ఉండాడు గానీ కనపడలా."

"వెలుతురు పెంచు."

పెంచింది. గుడ్డ ఇంకా తెల్లబడింది. ఇంకా పెంచమనేలోపు మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది.

బెంగళూరు నుంచి వచ్చినాయన పేరు జయరామ్. గేములు తీసుకోవాలా వద్దా అని తేల్చేది ఆయనే. కూర్చుంటూనే ఆట మొదలుపెట్టాడు. నల్లగీతల అడవిలోకి వీరుడు అడుగుపెట్టాడు. ఒక కొమ్మ విరిగింది. ఆకులు రాలాయి. వీరుడు ఎగిరి అల్లంత దూరాన పడి చచ్చాడు.

జయరామ్ మళ్ళీ ఆడాడు. మళ్ళీ చచ్చాడు. మూడోసారి కూడా అంతే. ధనశేఖర్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

మూలన నిలబడ్డ సుందరరాజు ఉండబట్టలేక ముందుకొచ్చాడు.

"వాడు ఆడనే ఉండాడు సారూ. కోరమీసం ఉండాది. వేలివేలికీ ఉంగరాలుండాయి. గద మీద పువ్వులు కూడా వేసినాను. ఉడకబెట్టలేదు, అంతే."

జయరామ్ ఆట ఆపి వెనక్కి తిరిగాడు. "అంటే, ఉంగరాలతో సహా మొత్తం గీసి, కనబడకుండా చేశారా?"

"నేను చేయలేదు సారూ..."

"మేము కావాలనే చేసినాం సార్," అని ధనశేఖర్ అడ్డుపడ్డాడు. "అదే మా స్టైల్."

జయరామ్ ఇంకేమీ అడక్కుండా ధనశేఖర్‌ను వెంటబెట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

సుందరరాజు గుడ్డను మడతపెట్టుకున్నాడు.

"నేను ఐదు గంటల బస్సుకు పోతాను పాపా. తెల్లారేసరికి బాన కింద మంట పెడతాను. ఎర్రగా తేలినాక ఇంకొక్కసారి సూడమని ఆయన్ను అడగాల. కాళ్ళు పట్టుకొనైనా అడుగుతాను."

కోమలి తలూపింది.

అరగంటకు తలుపు తెరుచుకుంది. ధనశేఖర్ పరుగున వచ్చి సుందరరాజును కావలించుకున్నాడు.

"ఒప్పుకున్నారన్నా. ఈ ఏడు ఆయన నూటయాభై గేములు సూసినాడంట, ఏ రాక్షసుణ్ణి సూసినా ఇంత భయం పుట్టలేదంట. రెండేళ్ళు మీకు ఈడనే ఉద్యోగం. బొమ్మలేసింది మీరేనని పేరు కూడా వేస్తారు."

సుందరరాజు ధనశేఖర్ చేతులు రెండూ పట్టుకున్నాడు.

"సల్లంగుండు నాయనా. రేపే దీన్ని ఉడకబెట్టి..."

"ఆ బాన జోలికి మాత్రం పోవద్దన్నా," అన్నాడు ధనశేఖర్. "మొత్తం పదిమంది రాక్షసులు కావాలంట, పదిమందినీ మీరే గీయాలంట, ఒక్కడంటే ఒక్కడు కూడా కనపడకూడదంట."