మడిచిన వేలు

గుమ్మంలో అడుగు పెడుతూనే ఇన్‌స్పెక్టరమ్మ చేతిసంచిలో రుమాలు వెతుక్కుంది.

నానబెట్టిన తీగల కుళ్ళు వాసన ఒక పక్క. ఎరువు కలిపిన మట్టి కంపు ఇంకో పక్క. రెండింటికీ మధ్యన, బల్ల మీద, పులుస్తున్న రొట్టె పిండి. పన్నెండు మంది పిల్లలు, ఒక్కరి చేతులూ శుభ్రంగా లేవు. ఆమె చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, చెప్పుల కింద ఏం పడుతోందో చూసుకుంటూ లోపలికి నడిచింది.

పనుల తరగతి అంటే ఇదే. బుట్టలు అల్లడం, మొక్కలు పెంచడం, వంట చెయ్యడం. పుస్తకం ఉండదు, పలక ఉండదు, అంతా చేతుల్తోనే. ఇవాళ ఆమె రాసే నివేదికను బట్టి ఈ తరగతి ఉంటుందో ఊడుతుందో తేలిపోతుంది. ఊడితే గదిలో విరిగిన బెంచీలు పడేస్తారు. పనుల టీచరమ్మ ఇంటిదారి పడుతుంది.

ఆ టీచరమ్మ తొట్టి ముందు కూర్చుని మట్టి పిసుకుతోంది. మోచేతుల దాకా బురదే.

"రండి మేడమ్. నా చేతులు బాగాలేవు, ఏమీ అనుకోకండి," అంది నవ్వుతూ.

ఇన్‌స్పెక్టరమ్మ ఆ బురద వంక ఒక్క క్షణం చూసి తల తిప్పేసుకుంది.

"కానివ్వండి," అంది రుమాలులోంచి.

పిండి బల్ల దగ్గర ముందరి పళ్ళూడిన పిల్ల ఒకతె నిలబడి ఉంది. ముక్కు మీద కాదు, ముక్కులోనే వేలు. అక్కడి పని తీరిగ్గా ముగించుకుని, ఆ కుడి చూపుడు వేలిని అరచేతిలోకి మడిచేసి, మిగతా వేళ్ళతో పిండి పిసకడం మొదలుపెట్టింది.

ఇన్‌స్పెక్టరమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. పక్కనున్న వాడి చేతులు చూసింది. వాడి చూపుడు వేలూ మడిచే ఉంది. బుట్టలల్లే వాళ్ళు తీగను బొటనవేలికీ నడిమి వేలికీ మధ్య ఇరికించి లాగుతున్నారు. నారు నాటే వాళ్ళదీ అదే వరస. ఒకరా ఇద్దరా, పన్నెండు మందీ అంతే.

అంటే పన్నెండు మందికీ అది ముక్కు వేలన్నమాట. ఆమెకు తన చెల్లెలి పిల్లలు గుర్తొచ్చారు. పదేళ్ళొచ్చినా వాళ్ళను కంచంలో చెయ్యి పెట్టనివ్వదు చెల్లెలు, చెంచాతో తనే తినిపిస్తుంది. పెంపకమంటే అదీ అనుకుంది.

"ఏమ్మా, ఆ వేలెందుకు మడిచావు?" అని పళ్ళూడిన పిల్లను అడిగింది.

"పని చేసేటప్పుడు ఆ వేలు వాడకూడదండి."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదండి. అంతే."

"ముక్కులో పెట్టుకోడానికి మాత్రం వాడొచ్చా?"

పిల్ల తన మడిచిన వేలి వంక చూసుకుంది. "దానికి వాడొచ్చండి," అంది.

ఇన్‌స్పెక్టరమ్మ పెన్ను మొనతో, తన గోరైనా తగలకుండా, ఆ వేలిని పైకి లేపింది. "చాపు. ఇప్పుడు పిసుకు."

పిల్ల పిసికింది. చాపిన వేలు పిండిలో దిగబడింది. తీస్తే ముద్దంతా వేలికి అంటుకుని లేచొచ్చింది. పిల్ల బిక్కమొహం వేసింది. రెండు నిమిషాల్లో ఆ వేలు దానంతటదే మళ్ళీ లోపలికి మడుచుకుపోయింది. ఇన్‌స్పెక్టరమ్మ పెన్నును రెండు కాగితాలతో తుడిచింది, చాలక ఇంకో కాగితం తీసింది.

టీచరమ్మ లేచి వచ్చి పిండి బల్ల దగ్గర చేరింది. బురద కాస్త వదిలిందో లేదో, మణికట్టు దాకా పిండి పూసుకుంది.

"మీరు అసలు పిల్లల చేతులు చూస్తున్నారా?" ఇన్‌స్పెక్టరమ్మ కిటికీ వైపు మొహం పెట్టి అడిగింది.

"చూస్తూనే ఉన్నాను మేడమ్. ఏమైంది?"

"ఆ వేళ్ళు మీకేం తేడాగా అనిపించడం లేదా?"

టీచరమ్మ మూడు గుంపుల వంకా చూసింది. ఎంత చూసినా ఆమెకు ఏ తేడా కనపడలేదు. "బాగానే చేస్తున్నారు కదండీ. మా చిట్టితల్లి పిండి చూడండి, ఎంత మెత్తగా వచ్చిందో."

పిల్లలంటే పిల్లలు. పెద్దమనిషికైనా సిగ్గుండొద్దా? ఇన్‌స్పెక్టరమ్మకు పిల్లల మీదున్న చీదరంతా ఇప్పుడు టీచరమ్మ మీదికి మళ్ళింది. నిలబడే నివేదిక రాసింది. రాసింది పైకే చదివింది.

"పిల్లలకు జుగుప్సాకరమైన అలవాట్లు ఉన్నాయి. చేతి వేళ్ళు సరిగ్గా వాడటం కూడా నేర్పలేదు. తరగతిని మూసివేయవలెను."

టీచరమ్మ మొహం పాలిపోయింది. "మేడమ్, ఒక్క నెల గడువివ్వండి. ఏం తప్పుందో చెప్తే దిద్దుకుంటాం. ఈ పిల్లలు వచ్చినప్పుడు బొత్తం పెట్టుకోడం కూడా రాని వాళ్ళు."

"ఏం నేర్పినా మిమ్మల్ని చూసేగా నేర్చుకునేది. మీరెంత శుభ్రమో వాళ్ళూ అంతే." ఇన్‌స్పెక్టరమ్మ కింద తన సంతకం గీకి, ముద్ర గుద్దింది. "ముట్టినట్టు మీరూ సంతకం పెట్టండి. ముందు ఆ చేతులు కడుక్కోండి, చూడలేకపోతున్నాను."

టీచరమ్మ కుళాయి కింద పిండంతా వదిలేదాకా కడుక్కుని, తువాలుతో తుడుచుకుని వచ్చి, పెన్నును బొటనవేలికీ నడిమి వేలికీ మధ్య ఇరికించి సంతకం పెడుతుంటే, ఇన్‌స్పెక్టరమ్మ అప్పుడు చూసింది, ఆ కుడిచేతికి చూపుడు వేలు ఉండాల్సిన చోట ఎప్పుడో మానిపోయిన నున్నటి చర్మం తప్ప ఏమీ లేదు.